ఎవరు చూసిండ్రు?

మొన్న మా గల్లీ చివర మునిసిపాలిటీ సంగతులు మాట్లాడుకోవడానికని ఒక సభ పెట్టారు. ఆడవాళ్ళకు ఒక పక్కగా జంపఖానా పరిచారు. ఉపన్యసించిన పెద్దమనిషి మాకు దూరపు చుట్టమే. మాట బాగా చెబుతాడు. మురికికాలువల గురించీ దీపాల గురించీ మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకచోట గొంతు తగ్గించి, "వాళ్ళ సంగతి కొత్తగ చెప్పేదేముంది? అందరికి తెలిసిందే గదా!" అన్నాడు. జనం తలలూపారు. నా చెయ్యి నాకు తెలియకుండానే పైకి లేచి, కుడి చెవి మీది కొంగును వెనక్కి జరిపింది. ఆ అలవాటు నాది కాదు. ఆపాది.

ఆపా పోయి అప్పటికి ఏడాది దాటింది. సభలో ఆమె గుర్తుకొస్తుందని నేననుకోలేదు. ఇంటికి వచ్చాక చాలాసేపు వంట మొదలుపెట్టలేకపోయాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. శాలిబండలో ఒక పాత దేవిడీలో, నవాబుల నాటి భవంతిలో నడిచే ఆడపిల్లల బడిలో ఆమె ఉర్దూ చెప్పేది, నేను తెలుగు చెప్పేదాన్ని. ఆమె తండ్రి ఒకప్పుడు నల్లగొండ వైపు ఏదో చిన్న సర్కారీ నౌకరీ చేశాడట. అందుకని ఆమెకు తెలుగు చిన్నప్పుడే వచ్చేసింది. పడుచుతనంలోనే భర్త పోతే తమ్ముడి ఇంటికి వచ్చి, అక్కడే ఉండిపోయింది. సన్నటి మనిషి. చాయ్ సాసర్‌లో పోసుకుని, అది చల్లారి మీగడ కట్టేదాకా మాట్లాడి, ఆ చల్లటి చాయ్‌నే ఇష్టంగా తాగేది. వేడి చాయ్ ఆమె నోట్లోకి పోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎవరైనా ఏదైనా కబురు మోసుకొస్తే ఆపా కుడి చెవి మీది దుపట్టాను వెనక్కి జరిపేది. వినపడక కాదు. ఇప్పుడు శ్రద్ధగా వింటున్నాను సుమా అని చెప్పడం అది. అంతా విన్నాక, మెల్లగా, కోపం లేకుండా అడిగేది: "ఎవరు చూసిండ్రు?"

ఆ ప్రశ్నకు జడిసి చాలామంది ఆమెకు కబుర్లు చెప్పడం మానేశారు. దుపట్టా మీదికి చెయ్యి పోతుంటేనే బడిలో ఆయా "నాకు పనుంది ఆపా" అని లేచిపోయేది. పిల్లల దగ్గరా అంతే. ఒక పిల్ల "అందరు నన్ను చూసి నవ్విండ్రు" అని ఏడుస్తూ వచ్చింది. "అందరంటే ఎవరెవరు? పేర్లు చెప్పు" అంది ఆపా. పిల్ల వెక్కుతూ వెక్కుతూ ఒక్క పేరే చెప్పగలిగింది. "ఒక్క పిల్ల నవ్వింది గదా బేటీ. ఒక్క పిల్లకు ఎంత ఏడుపు కావాల్నో అంతనే ఏడువు" అంది. ఆ పిల్ల ఆలోచనలో పడి ఏడుపు మరిచిపోయింది.

ఇంట్లో మాత్రం ఈ పద్ధతి అంత ముచ్చటగా ఉండేది కాదు. ఆమె తమ్ముడి భార్యను పెళ్ళయి ఎన్నేళ్ళయినా ఆ ఇంట్లో అందరూ దుల్హన్, అంటే పెళ్ళికూతురు, అనే పిలిచేవారు. దుల్హన్ నోరు పెద్దది, మనసు మెత్తనిది. "ఈ ఇంట్ల ఆకలైతుందన్నా గవా కావాలె చెల్లే, సాక్షి లేకుంటే రొట్టె దొరకది" అని నాతో మొరపెట్టుకునేది. తమ్ముడు పడీపడీ నవ్వేవాడు. అతను గ్రామఫోనులు బాగుచేసేవాడు. ఇంటి ముందరి గదినిండా పెట్టెలు, పెద్ద పెద్ద పూల వంటి బాకాలు. జిల్లాల్లో దొరల ఇళ్ళ నుంచి కబురొస్తే సామాను పెట్టె పట్టుకుని వెళ్ళి బాగుచేసి వచ్చేవాడు. అక్క అంటే ప్రాణం. అక్క మాటకు ఎదురు చెప్పడం నేనెరగను.

జర్మనీ యుద్ధం మొదలుకాక ముందు సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఎండాకాలం మా గల్లీ నల్లా ఎండిపోయింది. మొహల్లా కమిటీకి పెద్దగా ఉన్నాయన్ని అందరం సదర్ సాబ్ అనేవాళ్ళం. ఆయన చౌరస్తాలో సభ పెట్టి, "మన నల్లా ఎందుకు ఎండింది? గౌలిపురా నల్లా ఎందుకు పారుతున్నది? అక్కడి మెంబరు వాళ్ళోడు గనుక!" అన్నాడు. చప్పట్లు మోగాయి. బడి కిటికీ వెదురు తడికల వెనక నిలబడి మేమూ విన్నాం. ఆడవాళ్ళంతా గౌలిపురాను తిట్టడం మొదలుపెట్టారు.

ఆపా చెయ్యి చెవి దగ్గరికి పోయింది.

"గౌలిపురా నల్లా పారుతుందని ఎవరు చూసిండ్రు?"

ఎవరూ చూడలేదు. మరునాడు బడి వదిలాక ఆమె బురఖా వేసుకుని, నన్ను వెంటపెట్టుకుని బయల్దేరింది. ఎండ మాడిపోతోంది. గౌలిపురా చేరేసరికి అక్కడి నల్లా ముందు బిందెలు వరసగా బోర్లించి ఉన్నాయి. గోడ నీడన ఆడవాళ్ళు కూర్చున్నారు. నన్ను చూసి ఒకావిడ, "ఎక్కడ్నుంచి వచ్చిండ్రమ్మా?" అంది. శాలిబండ అన్నాను. అంతే, ఆవిడ లేచి నిలబడింది. "మీకేందమ్మా, మా నీళ్ళన్ని మీ దిక్కు మళ్ళిచ్చుకున్నరు గదా! మా మెంబరు చెప్పిండు!"

ఆపా బురఖాలో నవ్వు ఆపుకోలేక గోడను పట్టుకుంది. తిరిగి వచ్చే దారిలో మాత్రం నవ్వు ఆగిపోయింది. "రెండు దిక్కుల నల్లాలు ఎండినయి చెల్లె. మాటలు మాత్రం మస్తు పారుతున్నయి" అంది.

సదర్ సాబ్ ఆపా తమ్ముడికి స్నేహితుడే. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వస్తే ఆపా పరదా వెనక నుంచే, తాను చూసినదంతా చెప్పింది. ఆయన కోప్పడలేదు. నవ్వాడు. "మీరన్నది నిజమే కావచ్చు ఆపా. పైపు ఎక్కడ్నో పలిగిందని చెప్తే సభకు ఎవడొస్తడు?"

"ఎవ్వరు రాకున్నా నీళ్ళు వస్తయి గదా సదర్ సాబ్."

దానికీ ఆయన నవ్వాడు. ఆ తరవాత ఆపా మా గల్లీ ఆడవాళ్ళను కొందరినీ గౌలిపురా ఆవిడనూ కలిపి నీళ్ళ దఫ్తరుకు పంపించింది. పైపు పగిలిన చోటు దొరికింది. అప్పటి నుంచీ సభ జరిగిన మరునాడు మధ్యాహ్నం బడి వరండాలో ఆడవాళ్ళు చేరడం అలవాటైంది. ఆయన ఏమన్నడు? ఎందుకన్నడు? ఆ ఎందుకు నిలుస్తదా? అవతలోడు ఇదే మాటంటే మీరు ఒప్పుకుంటరా? ఆపా అడుగుతుండేది, వాళ్ళు బియ్యం ఏరినట్టు మాటలు ఏరుతుండేవాళ్ళు. కొంతకాలం నిజంగా మా గల్లీలో ఉత్తుత్తి మాట నిలవడం కష్టమైంది. ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ సంతోషంగా ఉంటుంది.

తరవాత రోజులు పాడయ్యాయి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, నిజాం రాజ్యంలో ఉన్న మాకు మాత్రం ఏమవుతుందో తెలియని కాలం వచ్చింది. ఊళ్ళల్లో లొల్లి అనేవారు. ఎవరు ఎవరిని కొడుతున్నారో, ఏ బస్సు ఎక్కడ ఆగిపోయిందో రోజుకో కథ. ఒక కథలో వాళ్ళు చంపారు, మరునాటికి అదే కథలో వీళ్ళు చంపారు. ఆపా వరండాలో చేరే ఆడవాళ్ళు తగ్గిపోయారు. కొందరు పట్నం వదిలిపోయారు. కొందరు ఒకరి పక్కన ఒకరు కూర్చోవడం మానేశారు.

అట్లాంటి రోజుల్లో తమ్ముడికి ఒక దొర గారి ఇంటి నుంచి గ్రామఫోను బాగుచేయడానికి రమ్మని కబురొచ్చింది. ఆ ఉదయం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. దుల్హన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నక్కో జానా, పోవద్దు. ఆ రోడ్డు మీద బస్సులు ఆపుతున్నరట."

ఆపా చాయ్ సాసర్ కింద పెట్టింది. "ఎవరు చూసిండ్రు?"

"పక్కింటి పిల్ల వాళ్ళ మామ చెప్పిండట."

"ఆ మామ చూసిండా?"

"ఆయనకు ఎవరో చెప్పిండ్రట."

"చూసినోడు ఒక్కడు లేడా?"

దుల్హన్ గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది. తమ్ముడు నవ్వి, చిన్నారి కూతురి బుగ్గ గిల్లి, సామాను పెట్టె తీసుకున్నాడు. "మా ఆపా కోర్టుల నువ్వు ఓడిపోయినవ్" అన్నాడు భార్యతో. వీధి మలుపులో పూలమ్మే అతను పలకరిస్తే ఆగి ఏదో మాట్లాడాడు. తరవాత కనిపించలేదు.

మళ్ళీ రాలేదు. దొర గారింటికి చేరనే లేదన్నారు. బస్సు మనిషి మాత్రం అతను రోడ్డు మీద తన స్టాపులోనే దిగాడని, పెట్టె తానే కిందికి అందించానని చెప్పాడు. ఆ స్టాపుకూ ఆ ఊరికీ నడుమ ఏమయిందో చెప్పేవాళ్ళు దొరకలేదు. శవం దొరకలేదు. పెట్టె దొరకలేదు.

ఇక రాడని అందరికీ అర్థమైన రోజున దుల్హన్ ఏడవలేదు. ఆపా ఎదురుగా వచ్చి కూర్చుని, "అడుగు. ఇప్పుడడుగు. ఎవరు చూసిండ్రని అడుగు" అంది. ఆపా నేల చూస్తూ ఉండిపోయింది. దుల్హన్ ఆ మాట మళ్ళీ మళ్ళీ అంటూనే ఉంది. చివరికి నేనే ఆమెను లోపలికి తీసుకుపోయాను.

ఆపా చాలా రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజున పిల్లలను చదువుకోమని చెప్పి వరండాలో నా పక్కన కూర్చుంది. మనిషి సగమైపోయింది.

"ఆనాడు నేను అడిగింది తప్పు కాదు చెల్లె. అడిగి ఆడికే ఆగిపోవుడు తప్పు. ఎవ్వరు చూడలే అంటే జరగలే అని కాదు గదా. చూడలే అంటే చూడలే, గంతే. నేను రెంటిని ఒక్కటి చేసిన. చిన్నపిల్లలకు చెప్పేదాన్ని, నేనే చేసిన."

"మీకెట్ల తెలుస్తుంది ఆపా?" అన్నాను.

"తెల్వది గనుకనే పోవద్దు అనాల్సి ఉండె" అంది. ఆ పూట గంట కొట్టినా లేవలేదు.

ఆ దుఃఖం ఇంకా పచ్చిగా ఉండగానే ఒక మధ్యాహ్నం సదర్ సాబ్ మరో ఇద్దరితో వచ్చాడు. వాళ్ళు ముందరి గదిలో గ్రామఫోనుల మధ్య కూర్చున్నారు. పరదాకు ఇవతల ఆపా, దుల్హన్, నేను.

సదర్ సాబ్ ఈసారి నవ్వలేదు. గొంతులో నిజమైన బాధే ఉంది. స్నేహితుడు కదా. "ఆపా, మాకు ఎవరి పనో తెలిసింది" అన్నాడు.

గల్లీ మొదట్లో పూలమ్మే కుటుంబం ఒకటుండేది. దర్గాకు పూల చాదర్లూ, గుళ్ళకు దండలూ రెండూ వాళ్ళే కట్టేవారు. మొగుడూ పెళ్ళాం, ఒక ముసలి తల్లి. సదర్ సాబ్ ఆ పూలతని పేరు చెప్పాడు. అతని సొంతూరు ఆ బస్సు స్టాపు పక్కనే. పోయిన రోజు తమ్ముణ్ణి ఆపి ఎప్పుడొస్తావని అడిగాడు. తరవాత వారానికి అతని బామ్మర్ది ఊరి నుంచి వచ్చి వాళ్ళింట్లో దాక్కున్నాడు. "ఇంకేం కావాలె? శుక్రవారం నమాజు అయినంక జనం జమైతరు. మీరు ఒక్క మాట పంపుండ్రి. మీకు వాళ్ళ మీద అనుమానం ఉందని, గంతే."

జనం జమైనాక ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. దుల్హన్ కళ్ళు మెరుస్తున్నాయి. ఇన్ని రోజుల తరవాత ఆమె దుఃఖానికి ఒక ముఖం దొరికింది.

ఆపా పరదాకు దగ్గరగా జరిగింది.

"ఆ స్టాపు కాడ ఒక్కటే ఊరుందా సదర్ సాబ్?"

"చుట్టుపక్కల మస్తు ఊర్లుంటయి."

"మరి ఆ ఊరే ఎందుకు?"

"ఎప్పుడొస్తవని అడిగిండు గదా ఆపా!"

"నేను గూడ అడిగిన. దుల్హన్ గూడ అడిగింది. పెట్టె పట్టుకొని పోయేటోన్ని ఎవరైనా అడుగుతరు."

"బామ్మర్ది వచ్చి దాక్కునుడు?"

"ఎవరు చూసిండ్రు?"

"గల్లీల అందరు అంటున్నరు."

"దాక్కున్నోడు అందరికి ఎట్ల కనవడ్డడు? కనవడితే దాక్కున్నట్టు ఎట్ల? ఊర్లె ఉండలేక పట్నం వచ్చినోళ్ళు మన ఇండ్లల్ల లేరా?"

సదర్ సాబ్ గొంతు కఠినమైంది. "సొంత తమ్ముడు ఆపా. మీకు రంది లేదా?"

ఆ మాటకు ఆపా కళ్ళు మూసుకుంది. మాట వచ్చినప్పుడు ఆ గొంతు ఆమెది కానట్టుంది.

"రంది ఉంది గనుకనే అడుగుతున్న. నాకు నా తమ్ముని చంపినోడు కావాలె. ఎవడో ఒకడు నాకు వద్దు."

దుల్హన్ లేచి నిలబడింది. "నాకు కావాలె! నా మొగడు! నేను చెప్తా!" అని అరిచింది. ఆపా ఆమె కొంగు పట్టుకుంది. దుల్హన్ విదిలించుకుంది. సదర్ సాబ్ పరదా వైపు తిరిగి, "మీరేం చెప్పకుండ్రి ఆపా. ఊకుంటే చాలు. దుల్హన్ మాట పంపుతది" అన్నాడు.

"ఊకోను" అంది ఆపా. "మీరు ఆ మాట జనంల తీస్తే నేను పరదా విడిచి ఆడికి వస్తా. అందరి ముందర నిలబడి నాకు తెల్వదని చెప్తా. చనిపోయినోని అక్క తెల్వదంటే మీ మాట ఎవరు వింటరో చూస్తా."

ఆమె ఇల్లు దాటితే ముఖం బురఖాలోనే ఉండే మనిషి. పరాయి మగవాళ్ళ ముందు నిలబడి మాట్లాడిన మనిషి కాదు. ఆ సంగతి సదర్ సాబ్‌కు మా అందరికన్నా బాగా తెలుసు. కుర్చీలు జరిగిన చప్పుడు, చెప్పుల చప్పుడు. వెళ్ళిపోయారు.

శుక్రవారం ఏమీ జరగలేదు. పూలవాళ్ళకు ఈ సంగతి ఒక్క ముక్క తెలియదు. గల్లీలో చూపులు మారాయని మాత్రం పసిగట్టినట్టున్నారు. కొన్నాళ్ళకే ధూల్‌పేటలో ఉన్న చుట్టాల దగ్గరికి సామాను బండి మీద వేసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ముసలమ్మ ఆపా గుమ్మం ముందు నుంచే నడిచింది. ఆపా కిటికీ దగ్గరే ఉంది.

దుల్హన్ కూడా వెళ్ళిపోయింది. కూతుర్ని తీసుకుని బహదూర్‌పురాలో తల్లి దగ్గరికి. వెళ్తూ ఆపాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాతో అంది: "ఆమెకు తమ్మునికన్న ఆ సవాల్, ఆ ప్రశ్న ముఖ్యం." ఆ మాట తప్పని ఆమెకు చెప్పాలని చూశాను. వినే స్థితిలో లేదు. ఆపా మాత్రం ఆ మాట విని, "అట్ల అనుకునే హక్కు ఆమెకు ఉంది" అంది.

రాజ్యం మారింది. సదర్ సాబ్ ఎటో వెళ్ళిపోయాడు. ఇప్పుడు మావాళ్ళ సభలు మొదలయ్యాయి. గొంతులు వేరు, మాటలు అవే. ఆపా ఒక్కతే ఆ ఇంట్లో గ్రామఫోనుల మధ్య ఉండేది. ఎవరో వచ్చి కొంటామంటే, "వాడు లేకుండ ఎట్ల అమ్ముత?" అంది. చనిపోయినోడని తన నోటితోనే చెప్పిన మనిషి, ఒక్కొక్క సాయంత్రం వాటి మీద దుమ్ము తుడుస్తూ కనిపించేది. నేను అడగలేదు. అడిగితే ఆమె ఆలోచించి, నిజమైన జవాబే చెప్పేది. దాన్ని వినే ధైర్యం నాకు లేకపోయింది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. తగ్గి, తిరగబెట్టింది. హకీమూ డాక్టరూ ఇద్దరూ చూశారు. బడి నుంచి నేను రోజూ వెళ్ళేదాన్ని. చివరి పూట ఆమె తల నా ఒడిలోనే ఉంది. బయట మంచి ఎండ. పోయాక, తెలిసిన టాంగా అతనితో బహదూర్‌పురాకు కబురంపాను. వస్తుందన్న ఆశ నాకు లేదు.

దుల్హన్ వచ్చింది. బురఖా తీసి మేకుకు తగిలించి, అక్కడ చేరిన ఆడవాళ్ళను పక్కకు జరగమంది. స్నానం తానే చేయిస్తానంది. సాయం పట్టబోయిన వాళ్ళను వద్దంది. తలుపు వేసుకుంది. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఏడుపు వినిపించలేదు.

జనాజా లేచి మగవాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు ఖాళీ అయింది. దుల్హన్ తడి చేతులతోనే వచ్చి నా పక్కన గోడకానుకుని కూర్చుంది. నా వైపు చూడకుండా అడిగింది.

"ఆఖర్ల నా పేరు తీసిందా?"

అవునంటే ఆమె ప్రాణం కొంత కుదుటపడేదేమో. నాకు నోరు రాలేదు.

"లేదు దుల్హన్. ఎవరి పేరు తీయలే. నీళ్ళు అడిగింది."

ఆమె తల ఊపింది. వేళ్ళ చివర్లు కొంగుతో తుడుచుకుంది. చిన్నపిల్ల గొంతుతో, "తాగిందా?" అంది.

"తాగింది" అన్నాను.

దుల్హన్ ముఖం నా భుజంలో దాచుకుని, భర్త పోయిన నాటి నుంచీ ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.